రెండవ ఊపిరి

ఒడ్డున నున్నవానికి గాలి లెక్కచూచుకొను నలవాటు లేదు. మేమును నట్టివారమే. అండమానులలోని స్వరాజ్ ద్వీపమునొద్ద, 20 మీటర్ల లోతున, మా నోటనున్న రెగ్యులేటరు చెడి గాలి యంతయు బుడగలై పోవుచున్నప్పుడు గాని యా లెక్క మాకు దెలియలేదు. తోడువచ్చిన మిత్రుడు పది గజముల యవతల చేపలను జూచుచుండెను. ఆపదలో మాకీయవలసిన రెండవ రెగ్యులేటరు అతని రొమ్మున వ్రేలాడుచునే యున్నది. కాని పది గజములు! అదెంత దూరమో తెలియగోరు చదువరులు ఊపిరి పూర్తిగా విడిచి, మరల పీల్చక, తమ వీథిలో నడిచి చూచుకొందురుగాక. ఆ బుడగలలోనుండియే రెండు గుక్కలు పీల్చి, ఎట్లో అతనిని జేరితిమి.

ఇంట ఈ సంగతి వినిన మా యిల్లాలు ఒక్కమాట యనెను: "మీ గాలి మీరు తీసికొనిపొండు, లేదా పోవుట మానుడు."

అంగడివాడు పిడికిట బట్టుకొనదగిన చిన్న సిలిండరు నొకదానిని జూపెను. నడుమున గట్టుకొనిన నెవరికిని కానరాదు. ఆ గుణమే మాకు నచ్చినదని సిగ్గుతో నొప్పుకొనుచున్నాము. పిఱికివారమని యనిపించుకొనుటకు మేమంత వెఱచుచుంటిమి! అందు పట్టునది 85 లీటర్ల గాలి. కంగారుపడినవాడు నిమిషమునకు 30 లీటర్లైన పీల్చును. 20 మీటర్ల లోతున ఒత్తిడి మూడింతలు గనుక అది 90 లీటర్లగును. ఇక నా ముచ్చటైన సిలిండరు ఒక్క నిమిషమునకైన చాలదు. తేఱుకొనుటకు నిమిషము, నిమిషమునకు 9 మీటర్లు మించక పైకి లేచుట, 5 మీటర్ల యొద్ద 3 నిమిషములు నిలుచుట, ఇవన్నియు గూడిన దాదాపు 360 లీటర్లు కావలెను. మూడు లీటర్ల సిలిండరును 200 బార్ల ఒత్తిడితో నింపిన 600 లీటర్లు వచ్చును. బరువెక్కువ, వెలయు నెక్కువ. దానినే, వేఱొక రెగ్యులేటరుతో గూడ, కొంటిమి.

కొన్నంతమాత్రమున తీరలేదు. తొందరలో చిన్నదాని రెగ్యులేటరునే నోట బెట్టుకొని దిగువారు కలరు. పెద్ద సిలిండరు ముల్లు నిండుగా జూపుచుండగనే చిన్నది ఖాళీ యగును. అందుచేత దాని గొట్టమునకు పసుపుపచ్చ గుడ్డ చుట్టి, దిగునప్పుడెల్ల తడిమి చూచుకొనుచున్నాము.

మా మిత్రుడు దీనిని జూచి చిన్నబుచ్చుకొనెను. "నన్ను నమ్మవా?" యని యడిగెను. "నీ గాలియే తీరిపోయిన నీకెవరు దిక్కు?" అని మేమడిగితిమి. అతడు బదులాడలేదు. మొన్న దిగినప్పుడు మాత్రము చేతికందు దూరము విడువక, మూడుమారులు మా పచ్చగుడ్డవంక జూచెను.