మూడు పులులు, పదిహేను బుడ్డలు

నిరుటి శ్రావణమాసంలో ఒక ఆదివారం మేము ముగ్గురు మిత్రులం శింగనమలలో కలుసుకున్నాం. అక్కడి హైస్కూల్లో ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాళ్ళం. ఒకడు ఇరవై ఏళ్ళుగా లండన్‌లో ఉంటున్నాడు. వాణ్ణి అప్పుడు పొడుగోడనేవాళ్ళం, ఇప్పుడూ అంతే. రెండవవాడు బక్కోడు, ఊరు వదలలేదు. మూడవవాణ్ణి నేను, హైదరాబాదులో ఉద్యోగస్థుణ్ణి.

కలుసుకోవడానికి పైకి చెప్పుకున్న కారణం ఆట. పొడుగోడు తాను రంగులు వేసిన సైనికుల బొమ్మలు తెచ్చాడు, వాటితో యుద్ధం ఎలా ఆడతారో చూపిస్తానన్నాడు. అసలు కారణం వేరు. వాడి తండ్రిగారు వదిలిపోయిన ఆరెకరాల మెట్టను పన్నెండేళ్ళుగా బక్కోడే గుత్తకు చేస్తున్నాడు. ఆ పొలానికి బేరం వచ్చింది. "నువ్వు పక్కనుంటే వాడికి చెప్పడం సులువవుతుందిరా" అన్నాడు పొడుగోడు. నేను సరేనన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ నాకు సరిగా అర్థం కాదు.

అనంతపురంలో బయలుదేరి బుక్కరాయసముద్రం దాటేసరికే చేలల్లో తేమ ఎంత ఉందో తెలిసిపోయింది. పచ్చగానే ఉన్నాయిగానీ ఆకు ముడుచుకుంది. శింగనమల చెరువు చాలా పెద్దది. శృంగి మహర్షి తపస్సు చేసిన కొండ కాబట్టి ఊరికి ఆ పేరు వచ్చిందని పెద్దలంటారు. మహర్షి పేరు చెబితే వర్షం కురవాలి. రామాయణంలో ఆయన అడుగుపెట్టగానే అంగదేశంలో కరువు తీరిందట. ఆయన పేరు పెట్టుకున్న ఊరు మాత్రం ఆకాశం కేసి చూస్తూనే ఉంటుంది!

చెరువు కట్ట దిగువన వేపచెట్టు కింద ఒక వెడల్పాటి బండ ఉంది. దాని మీద మా తాతల నాటి నుంచీ పులిజూదం గీతలున్నాయి. హంపీలో రాతినేల మీద కూడా ఇటువంటి గీతలు చూడవచ్చు. పొడుగోడు తన పెట్టె తెరిచి, స్పాంజిలో గుచ్చిన సైనికులను ఒక్కొక్కరినే ఆ బండ మీద నిలబెట్టాడు. ఎర్రకోట్లు, తెల్ల చొక్కాలు, బొటనవేలంత మనుషులు. కనుబొమలు కూడా గీశాడు మహానుభావుడు.

లండన్‌లో ఏటా 'సెల్యూట్' అని ఒక ప్రదర్శన జరుగుతుందట. సౌత్ లండన్ వార్‌లార్డ్స్ అనే క్లబ్బువారు ఎక్సెల్ ప్రదర్శనశాలలో జరుపుతారు. వాడు స్నేహితులతో పొద్దున్నే వెళ్ళి, సాయంత్రానికి కాళ్ళు వాచి తిరిగివస్తాడు. పెద్ద పెద్ద బల్లల మీద కొండలు, నదులు, కోటలు. కొలతటేపుతో ఎంత దూరం నడవాలో కొలుస్తారు, పాచిక వేసి గుండు తగిలిందో లేదో తేలుస్తారు. ఈ పద్ధతికి మూలం ప్రష్యా సైన్యం. రైస్‌విట్జ్ అనే అధికారి 1824లో అక్కడి సేనాధికారుల శిక్షణకు ఇటువంటి ఆట తయారుచేశాడు. పిల్లల బొమ్మలతో పెద్దలు ఆడుకునే నియమాలను హెచ్.జి. వెల్స్ 1913లో పుస్తకంగా రాశాడు. మరుసటి ఏడే అసలు యుద్ధం వచ్చింది.

"ఈ ఎర్రకోట్లోళ్ళు యాడ కొట్లాడినారప్పా?" అని బక్కోడు అడిగాడు.

"శ్రీరంగపట్నం, 1799."

అయితే మాకు బొత్తిగా పరాయివాళ్ళు కారన్నమాట. టిప్పు పడిపోయాక నిజాముకు దక్కిన మన జిల్లాలే 1800లో కుంపిణీకి దత్తమయ్యాయి. మన్రో కలెక్టరుగా వచ్చి పొలం పొలం కొలిపించి రైతు పేర శిస్తు కట్టించాడు. పట్టా ఎవరి పేర ఉంటే వాడే రైతు. పన్నెండేళ్ళు దున్నినవాడి పేరు ఏ కాగితంలోనూ ఉండదు. ఈ మాట నాకు అప్పుడే తోచిందిగానీ, నోరు మూసుకున్నాను.

పొడుగోడు నియమాలు వివరించసాగాడు. బక్కోడు కాసేపు శ్రద్ధగా విని, "ఇందులో తినేదెవరు, తినిపించుకునేదెవరు?" అన్నాడు.

"రెండు పక్కలా సమానమేరా."

"సమానమైతే ఇంగ ఆటేముండాది?" అంటూ జేబులోంచి గుప్పెడు బుడ్డలు తీసి బండ మీద పోశాడు. (వేరుశనగకు మా వైపు అదే పేరు.) ఎర్రకోట్లవాళ్ళలో ముగ్గుర్ని ఉంచి తక్కినవాళ్ళను పెట్టెలో పడుకోబెట్టాడు. ఆ ముగ్గురూ పులులు. 15 బుడ్డలు మేకలు.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. పులులు ముందుగానే పైకొసన కూర్చుంటాయి. మేకలు ఒక్కొక్కటిగా దిగాలి, 15 దిగేవరకు ఏ మేకా కదలరాదు. మేక వెనుక చోటు ఖాళీగా ఉంటే పులి దూకి తింటుంది. మేకలకు తినడం రాదు. మూడు పులులకూ కదలిక లేకుండా చేస్తే మేకలు గెలిచినట్లు. అసమాన బలాల ఆటలలో దీనికి సాటి వచ్చేది నేను చూడలేదు. చదరంగం కూడా దీని ముందు మర్యాదస్తుల వ్యవహారమే.

బక్కోడు తొందరపడలేదు. అడుగు గీత మీద, అంచుల మీద, వెనుక ఖాళీ లేని చోట్ల బుడ్డలు పెట్టుకుంటూ వచ్చాడు. పొడుగోడు రెండింటిని తిన్నాడు. నిజంగానే తిన్నాడు, వొలిచి నోట్లో వేసుకున్నాడు. మూడవది దొరుకుతుందని ఒక పులిని కిందికి దింపాడు. అంతే, దాని వెనుక దారి మూసుకుపోయింది. ఆ తరువాత బక్కోడు మాట్లాడుతూనే ఆడాడు.

"విత్తనం సర్కారోళ్ళు ఇచ్చిందే. ఊడలు దిగుతాండాయి. ఈ వారం ఒక్క పదును పడితే కాయ గట్టిపడతాది." ఒక బుడ్డను జరిపాడు. "బేరం ఎంతకొచ్చిందిరా?"

పొడుగోడి చెయ్యి ఎర్రకోటు మీదే ఉండిపోయింది. నేను చెరువు వైపు చూశాను.

"నీకెవరు చెప్పినారు?"

"కొనేటోళ్ళు మొన్న వచ్చి చేను కొలుచుకోని పోయినారు. నన్నే టేపు పట్టుకోమన్నారు." కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది. "నీ సొత్తు, అమ్ముకో. నేనేమంటా? కాయ పీకేదాకా ఆగమను. అంతే. వీణ్ణి హైదరాబాదు నుంచి పిలిపించల్సిన పనేముండాది దీనికి?"

నా సంగతి అది. జవాబు చెప్పలేదు.

మరో అయిదారు ఎత్తులలో మూడు పులులూ బిగుసుకుపోయాయి. మధ్యాహ్నం వాళ్ళింట్లో సంగటి, చింతాకు పప్పు పెట్టారు. వదినగారు పొడుగోడి పిల్లల గురించి అడిగి అడిగి తెలుసుకున్నారు. పొలం ప్రస్తావన ఎవరూ తేలేదు.

తిరుగు ప్రయాణంలో పొడుగోడు కారు రోడ్డు పక్కన ఆపించి, కొనేవాళ్ళకు ఫోను చేశాడు. అమ్మనని చెప్పలేదు. కార్తీకం దాటాక మాట్లాడుకుందామన్నాడు. వాళ్ళు ధర తగ్గుతుందన్నారు కాబోలు, "తగ్గనీండి" అని పెట్టేశాడు. తరువాత పెట్టె తెరిచి బొమ్మలు లెక్కపెట్టుకున్నాడు. మూడు తక్కువ వచ్చాయి. బండ మీదే మరిచిపోయాం.

"వెనక్కి పోదామా?" అన్నాను.

"వద్దు, ఉండనీ" అన్నాడు.