పాంబన్ నాచు... లోహాన్ని పట్టేస్తుంది!

రామేశ్వరం వెళ్లే రైలు మండపం దాటి పాంబన్ వంతెన ఎక్కగానే పెట్టెలో అందరూ కిటికీల దగ్గరికి చేరతారు. కింద నీలాల సముద్రం. రైలు నడిచేది 2025లో ప్రారంభమైన కొత్త వంతెన మీద. ఆ నీళ్ల అడుగున ఓ పంట ఉంది... సముద్రపు నాచు!

ఈ తీరంలోని మత్స్యకార మహిళలు వేళ్లకు గుడ్డపీలికలు చుట్టుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, ఊపిరి బిగబట్టి మునుగుతారు. రాళ్లను అంటుకున్న నాచును తెంపి నడుముకు కట్టుకున్న సంచిలో వేసుకుంటారు. ఒడ్డున ఎండబెట్టి అమ్ముతారు. ఎర్రనాచు నుంచి అగార్ తీస్తారు. గోధుమరంగు సర్గాసం నుంచి ఆల్జినేట్ వస్తుంది. ఐస్‌క్రీమ్ చిక్కదనానికీ, బట్టల అద్దకానికీ వాడేది దాన్నే.

ఆ ఆల్జినేట్‌కి మరో గుణం ఉంది. సీసం, కాడ్మియం, రాగి లాంటివి కలిసిన నీళ్లలో ఎండిన సర్గాసం వేస్తే అందులోని కాల్షియం బయటికొస్తుంది. బస్సులో ఒకరు దిగిన సీట్లో మరొకరు కూర్చున్నట్టు, ఆ చోట్లో లోహం చేరుతుంది. నాచు బతికి ఉండక్కర్లేదు. గొట్టంలో నింపి, దాని గుండా ఫ్యాక్టరీ నీటిని పంపితే చాలు. నిండాక పలచని ఆమ్లంతో కడిగి మళ్లీ వాడొచ్చు. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో బొహుమిల్ వొలెస్కీ ఈ పద్ధతి మీద ఏళ్ల తరబడి పరిశోధించారు.

క్రోమియంతో తోళ్లు శుద్ధిచేసే రాణిపేట, ఆంబూరు ఉన్నదీ తమిళనాడులోనే. మరి ఇక్కడి నాచును అక్కడికి పంపితే సరిపోదా? అంత తేలిక కాదు. ఫ్యాక్టరీ నీళ్లలో ఒక్క లోహమే ఉండదు. ఉప్పు, నూనె, రంగులు... అన్నీ కలిసే వస్తాయి. సీట్ల కోసం పోటీ తప్పదు. పైగా పట్టిన లోహం మాయమైపోదు. కడిగిన ఆమ్లంలోకి చేరుతుంది. దాన్ని ఏం చేయాలన్నదీ చూసుకోవాలి. అందుకే ఈ పద్ధతి ఎక్కువగా ప్రయోగశాలల్లోనే ఉండిపోయింది.

ఇంకో చిక్కు ఈ సముద్రంలోనే ఉంది. మన్నార్ సింధుశాఖలోని 21 దీవులు 1986లో జాతీయ పార్కు అయ్యాయి. నాచు చేపపిల్లలకు నీడ, మేత. అందుకే దీవుల దగ్గర ఏరడం మీద ఆంక్షలు. అదే బతుకుతెరువైన మహిళలకు ఇది కూటి సమస్య. దాంతో వాళ్లే నెలలో కొన్ని రోజులు మాత్రమే ఏరాలని కట్టుబాటు పెట్టుకున్నారు. వాళ్లలో ఒకరైన చిన్నపాలెం వాసి లక్ష్మీమూర్తికి 2015లో సీకాలజీ పురస్కారం దక్కింది.

ఫ్యాక్టరీలు టన్నులకొద్దీ నాచు అడిగితే ఆ కట్టుబాటు నిలుస్తుందా? అలలు ఒడ్డుకు తెచ్చిపడేసే సర్గాసంతోనో, సాగుచేసిన నాచుతోనో సరిపెట్టుకుంటేనే మేలు. ఊళ్ల మురికిని కడగడానికి సముద్రాన్ని బోడి చేస్తే ఏం లాభం!