బందరులో ఒక రాత్రి భోజనం

మచిలీపట్నానికి బందరు అని మరో పేరు. ఫార్సీలో బందర్ అంటే ఓడరేవు. కుతుబ్‌షాహీల కాలంలో హజ్ యాత్రికుల ఓడలు ఇక్కడినుండి ఎర్ర సముద్రం వైపు సాగేవి. నేడు గిలకలదిండి రేవులో చేపల పడవలు బారులుతీరి కనిపిస్తాయి.

ఆ ఊరిలో ఒక మిత్రుని ఇంట అతిథులమయ్యాము. మగ్రిబ్ తరువాత పొయ్యి వెలిగింది. ఇషా అజాన్‌కు ముందే దస్తర్‌ఖాన్ పరచారు. చేప ముక్కలకు ఉప్పు, పసుపు, కారం, అల్లంవెల్లుల్లి ముద్ద పట్టించి, పావుగంట ఉంచి, పెనంపై రెండు వైపులా వేయించారు. రొయ్యల వీపున ఉండే నల్లని నరం తీసి, ఉల్లిపాయలు వేగిన తరువాత వేసి, అయిదారు నిమిషాలలో దించారు. ఎక్కువసేపు ఉడికితే రొయ్య గట్టిపడుతుంది.

ఆ ఇంటి పెద్దాయన రొయ్యలు ముట్టరు. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం జలచరాలలో చేప మాత్రమే హలాల్. రొయ్య చేపల కోవలోనిదేనా అన్న విషయంలో హనఫీ ఉలమాల మధ్యనే భేదాభిప్రాయం ఉంది. షాఫయీలకు ఈ అభ్యంతరం లేదు. అందుకే కోడలు గిన్నెలూ గరిటెలూ వేర్వేరుగా ఉంచింది. పెద్దాయన చేప వడ్డించుకొని, రొయ్యల గిన్నెను చిరునవ్వుతో మా వైపు జరిపారు. ఎవరూ వాదనకు దిగలేదు.

ఈ మస్అలాను మద్రసాలో ఏళ్లుగా బోధిస్తున్నాము. భేదాభిప్రాయం ఉన్నవారు ఒకే దస్తర్‌ఖాన్‌పై ఎలా కూర్చోవాలో ఆ కోడలి వంటింట చూశాము. పాఠకులారా, మన ఇళ్లలో ఇలాంటి విషయాలపై మాటలు ఆగిపోయిన బంధువులుంటే, ఈ వారమే వారిని భోజనానికి పిలవండి.