రాజుగారికి బదులుగా

గత వేసవిలో మేము 30 రోజుల ఆర్జిత సెలవు పెట్టి, సతీసమేతంగా ఇంగ్లండులోని లెస్టర్ నగరానికి వెళ్లి వచ్చాము. ఎల్.టి.సి. వర్తించని ప్రయాణమని విభాగంలోని మిత్రులు పరిహాసమాడారు. మా అమ్మాయి అక్కడ ఒక ఆసుపత్రిలో వైద్యురాలు. పది సంవత్సరాలకు పైగా ఆ దేశంలోనే ఉంటున్నది. విమానాశ్రయం నుండి ఇంటికి వెళ్లే దారిలో కారు నడుపుతూనే, "నాన్నగారూ, వచ్చే గురువారం నా పౌరసత్వ స్వీకారోత్సవం. వెంట ఇద్దరిని మాత్రమే రానిస్తారు. అందుకే మిమ్మల్నీ అమ్మనీ ఈ నెలలో రమ్మన్నాను" అన్నది.

మా శ్రీమతి ఏమీ పలుకక కిటికీలో నుండి బయటికి చూస్తూ ఉండిపోయింది. మేము "మంచిదమ్మా" అన్నాము. 33 సంవత్సరాలుగా ప్రభుత్వరంగ సంస్థ ఉప్పు తిని, ప్రతి ఆగస్టు 15వ తేదీన ఇస్త్రీ చొక్కాతో పతాకవందనానికి నిలబడినవారము. ఆ ఒక్క మాట అనడానికి ఎంత ప్రయాసపడ్డామో మాకే తెలుసు.

ఆ రాత్రి ఆమె ఆహ్వానపత్రం చూపించింది. రాజుగారి పక్షాన లార్డ్ లెఫ్టినెంట్ గాని, వారి ఉపప్రతినిధి గాని విచ్చేస్తారని అందులో ఉన్నది. "ఎవరమ్మా ఈయన, మన కలెక్టరు వంటివాడా?" అని అడిగాము. "కాదు నాన్నగారూ, ఆయనకు ఏ అధికారమూ లేదు. జీతం కూడా లేదు" అన్నది. జీతమూ అధికారమూ లేని పదవి ఒకటున్నదంటే ఇంజనీరుకు సహజంగానే సందేహం కలుగుతుంది. ఏ భారమూ మోయని దూలాన్ని కట్టడంలో ఎందుకు ఉంచారు? అమ్మాయి డ్యూటీకి వెళ్లిన తరువాత మాకు వేరే పని లేదు గనుక, నాలుగు రోజులు దగ్గరి గ్రంథాలయంలో కూర్చుని ఈ సంగతి ఆరా తీశాము.

లెఫ్టినెంట్ అన్న మాట ఫ్రెంచి భాష నుండి వచ్చింది. ఒకరి స్థానాన్ని పట్టి ఉన్నవాడని దాని అర్థం. మన భాషలో స్థానధారి అనవచ్చు. ఎనిమిదవ హెన్రీ కాలంలో, 1540లలో, కౌంటీకొక స్థానధారిని నియమించే పద్ధతి మొదలైంది. అప్పుడది అలంకారప్రాయమైన పదవి కాదు. కౌంటీలోని ఆరోగ్యవంతులైన పురుషుల జాబితా తయారుచేయాలి, వారికి ఆయుధాలు సమకూర్చాలి, కవాతు చేయించాలి, శత్రువు వస్తే వారిని నడిపించాలి. 1588లో స్పెయిన్ నౌకాదళం దండెత్తి వచ్చినపుడు కొండశిఖరాలపై వరుసగా మంటలు వెలిగించి వార్త పంపినదీ, కౌంటీల జనాన్ని సమీకరించినదీ ఈ ఏర్పాటు ద్వారానే. తరువాత దేశానికి స్థిరమైన సైన్యం ఏర్పడింది. 1871లో ప్రజాసైన్యంపై వారికున్న అధికారాన్ని చట్టం ద్వారా తొలగించారు. అవసరమైతే కౌంటీలోని పురుషులను పిలిపించే హక్కు నామమాత్రంగా మిగిలి ఉండగా, 1921లో అదీ పోయింది. పని పోయినా పదవి పోలేదు. మన కార్యాలయాలలోనూ అటువంటివి చూచి ఉన్నాము గాని, పేర్లు చెప్పము.

ఇప్పుడు ఆ దేశం మొత్తం మీద ఇటువంటివారు 100 మందికి కొంచెం తక్కువగా ఉన్నారు. ప్రధానమంత్రి సలహాపై రాజు నియమిస్తాడు. 75 ఏండ్ల వరకు ఉండవచ్చు. మనకు 60కే పూలదండ వేసి పంపుతారు, సరే. 'లార్డ్' అన్నంత మాత్రాన జమీందారు కానక్కరలేదు, పురుషుడూ కానక్కరలేదు. 1975లో నార్‌ఫోక్ డచెస్ లవీనియా వెస్ట్ ససెక్స్‌లో తొలి మహిళా లార్డ్ లెఫ్టినెంట్ అయ్యారు. పురుషులకు ముఖ్యమైన సందర్భాలలో సైనిక పద్ధతిలో ముదురు నీలిరంగు దుస్తులు, స్త్రీలకు ఒక పతకచిహ్నం. రాజకుటుంబీకులు కౌంటీకి వస్తే ముందుగా ఎదురేగి, ఆతిథ్యమిచ్చేవారిని పరిచయం చేయడం, బిరుదులూ పతకాలూ అందించడం వీరి విధులు. పరిశ్రమలకు రాజుగారి పేరిట ఇచ్చే పురస్కారం ఒకటున్నది. 1966లో తొలిసారి ఇచ్చినపుడు రాణిగారి పేరిట ఉండేది. దానిని స్థానధారి స్వయంగా కర్మాగారానికి వెళ్లి కార్మికుల ఎదుట అందజేస్తాడు. ఈ సంగతి మాకు నచ్చింది. బహుమతి కోసం రాజధానికి ప్రయాణ భత్యం బిల్లు పెట్టుకోనక్కరలేదు.

లెస్టర్ విషయంలో మరొక సంగతి తెలిసింది. 1972లో ఇదీ అమీన్ ఉగాండా నుండి ఆసియావాసులను వెళ్లగొట్టినపుడు, దయచేసి మా ఊరికి రావద్దంటూ లెస్టర్ నగరపాలక మండలి ఉగాండా పత్రికలో ప్రకటన వేయించింది. వారు వినలేదు. వేల సంఖ్యలో, ఎక్కువమంది గుజరాతీలు, అక్కడికే వచ్చి స్థిరపడ్డారు. ఇప్పుడు ఆ ఊరి వీధులలో నడుస్తుంటే పోపు వాసన తగులుతుంది. 2018లో ఆ లెస్టర్‌షైర్ కౌంటీకే రాణిగారు నియమించిన లార్డ్ లెఫ్టినెంట్ పేరు మైక్ కపూర్. ఆ ఇంటిపేరు చదివి మేము పుస్తకం మూసి కొంతసేపు ఊరకే కూర్చున్నాము.

గురువారం ఉదయం మా శ్రీమతి కంచిపట్టు చీర కట్టుకున్నది. సభామందిరంలో 30 మంది వరకు ఉన్నారు. మన పక్కదేశాలవారు, ఆఫ్రికావారు, తూర్పు ఐరోపావారు, చంటిబిడ్డ నెత్తుకున్న ఒక తల్లి. ముందు బల్లపై జెండా, గోడకు మూడవ ఛార్లెస్ రాజు చిత్రపటం. ఈ ఉత్సవాలు పురాతనమైనవేమీ కావు. 2002 నాటి చట్టం ప్రకారం ఏర్పడ్డాయి. మొదటిది 2004 ఫిబ్రవరి 26న లండన్‌లోని బ్రెంట్‌లో జరిగింది. నేడు పటంలో ఉన్న రాజే నాడు యువరాజుగా దానికి హాజరయ్యాడు. అంతకుముందు పౌరసత్వపత్రం తపాలాలో వచ్చేదట.

రాజుగారి పక్షాన వచ్చినది ఒక ఉపప్రతినిధి, 60 దాటిన స్త్రీ. సాధారణమైన దుస్తులు, భుజానికి దిగువన చిన్న చిహ్నం. ఆమె అరగంట ముందుగానే వచ్చి, కాగితమూ పెన్సిలూ పట్టుకొని ఒక్కొక్కరి వద్దకు వెళ్లి పేరు ఎలా పలకాలో అడిగి వ్రాసుకున్నది. మా అమ్మాయి వద్ద ఎక్కువసేపు ఆగింది. ఇంటిపేరు ముందు వస్తుందా, తరువాత వస్తుందా అని కూడా అడిగింది. మా హాజరుపట్టీలో 33 సంవత్సరాలుగా ఇంటిపేరు తారుమారుగానే ఉన్నది. మేమూ దిద్దించుకోలేదు, వారూ అడగలేదు.

అందరూ లేచి నిలబడి, రాజుకూ ఆయన వారసులకూ విధేయులమై ఉంటామని ప్రమాణం చేశారు. దేవుని పేరు చెప్పేవారు కొందరు, చెప్పనివారు కొందరు. మా అమ్మాయి పెదవుల కదలికనే చూస్తూ ఉన్నాము. చిన్నప్పుడు కాలనీ పాఠశాలలో చెయ్యి ముందుకు చాచి, భారతదేశము నా మాతృభూమి అని ప్రతిజ్ఞ చెప్పిన పెదవులే అవి. తరువాత పేరుపేరునా పిలిచి పత్రాలిచ్చారు. ఆ వృద్ధురాలు మా అమ్మాయి పేరును తప్పు లేకుండా పలికి, చెయ్యి పట్టుకొని, వెంటనే వదలకుండా ఏదో అడిగింది. ఇద్దరూ నవ్వారు. ఫలహారాల సమయంలో మా వద్దకు కూడా వచ్చి, ఇంత దూరం నుండి వచ్చినందుకు కృతజ్ఞతలు చెప్పి, ఇటువంటి రోజున తల్లిదండ్రులకు సంతోషంతో పాటు మరేదో కూడా ఉంటుందని తనకు తెలుసునన్నది. మేము తల ఊపాము. మా శ్రీమతి ఆమె రెండు చేతులూ పట్టుకున్నది.

ఇంటికి వచ్చిన తరువాత మా శ్రీమతి, "ఏమండీ, నాకు అప్పగింతలు గుర్తుకు వచ్చాయి. వియ్యాలవారి తరఫున ఆవిడ వచ్చింది, మన తరఫున ఎవరూ లేరు" అన్నది.

మన కర్మాగారంలో కొత్త యంత్రాన్ని ప్రారంభించే రోజున కొబ్బరికాయ కొడతాము. కొట్టకపోయినా మోటారు తిరుగుతుంది, ఇది ప్రతి ఫిట్టరుకూ తెలుసు. అయినా కాయ కొట్టకముందు ఎవరూ మీట నొక్కరు. దూలం గురించి మాకు కలిగిన సందేహానికి సమాధానం ఆ సభలోనే దొరికినట్లనిపించింది. ఒక దేశం కొత్తవారిని చేర్చుకునేటపుడు, తన తరఫున ఒక మనిషిని ముందుగా పంపి పేర్లు పలకడం నేర్చుకొమ్మన్నది. దానికి అధికారం అవసరం లేదు, జీతమూ అవసరం లేదు.

తరువాత మిగిలినది మన దేశం వైపు పని. 1955 నాటి మన పౌరసత్వ చట్టం ప్రకారం, స్వచ్ఛందంగా మరొక దేశపు పౌరసత్వం పొందినవారు భారత పౌరులు కారు, పాస్‌పోర్టు అప్పగించాలి. అందులో మాకు ఆక్షేపణ లేదు. ఆ పని ఒక సేవాకేంద్రంలో జరిగింది. టోకెను తీసుకొని 40 నిమిషాలు కూర్చున్నాము. కిటికీ అవతలి కుర్రవాడు మర్యాదస్థుడే. ఫోటో కొలత సరిపోలేదన్నాడు. పక్కనున్న యంత్రంలో మరొకటి తీయించి ఇచ్చాము. అమ్మాయి నీలిరంగు పుస్తకాన్ని కిటికీ కింది సందులో నుండి లోపలికి జరిపింది. రుసుము చెల్లించింది, రసీదు వచ్చింది, తరువాతి టోకెను సంఖ్య పలికింది. ఎవరైనా ఒక్క మాట అంటారేమోనని మేము కుర్చీలోనుండి లేవడానికి కొంచెం ఆలస్యం చేశాము.

రద్దయినట్లు ముద్ర వేసిన ఆ పాస్‌పోర్టు మేము తిరుగు ప్రయాణం కట్టే ముందు తపాలాలో వచ్చింది. అమ్మాయి దానిని వాళ్లమ్మ చేతికిచ్చి, ఇంట్లో దాచమన్నది. ఇప్పుడది మా క్వార్టరులోని బీరువాలో, ఆమె పదవ తరగతి మార్కుల జాబితాతో పాటు ఉన్నది.

సంక్రాంతికి వస్తానని మొన్న ఫోను చేసింది. ఓ.సి.ఐ. కార్డుకు దరఖాస్తు పెట్టిందట. హైదరాబాదు విమానాశ్రయంలో దిగిన తరువాత ఏ వరుసలో నిలబడాలని అడిగింది. కనుక్కొని చెబుతామన్నాము.