లోపమనగా అదర్శనము

ఉద్యోగ విరమణానంతరం నేను అభ్యసించిన విద్యలలో వీడియో కూర్పు ఒకటి. మా వరంగల్లు స్టూడియోలవారు దీనిని ‘మిక్సింగ్’ అంటారు. పెండ్లి వీడియోలే వారికి జీవనాధారం కనుక, పువ్వు విచ్చుకొని అందులోనుండి వధూవరులు వెలువడే విన్యాసాలకు గిరాకీ ఎక్కువ. నాకవి రుచించవు. నేను వాడేది షాట్‌కట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. అందులో నిత్యం అక్కరకు వచ్చే పనిముట్లు నాలుగైదే.

అడుగున టైమ్‌లైన్ అనే పట్టీ. దానిపై క్లిప్పులు పద్యపాదంలో గణాలవలె వరుసగా నిలుస్తాయి. ‘ఎస్’ మీట నొక్కితే సూచిక ఉన్నచోట క్లిప్పు రెండవుతుంది. ‘ఎక్స్’ నొక్కితే ఎంచుకొన్న ముక్క తొలగి, తరువాతివి జరిగివచ్చి ఖాళీని పూరిస్తాయి. ‘జెడ్’ నొక్కితే ముక్క పోతుంది, ఖాళీ మిగులుతుంది. ఒక క్లిప్పు అంచును మరొకదాని మీదికి జరిపితే రెండు దృశ్యాలూ కలిసిపోతాయి. తెలుగు పండితునికి సంధికార్యం గుర్తుకు రాక మానుతుందా!

కీర్తిశేషులైన నా సహోపాధ్యాయుడొకరి సంవత్సరీకం వచ్చే మాఘంలో. ఆయన కుమారుడు ఎన్నడో ఫోనులో తీసిన 40 నిమిషాల పద్యపఠనం తెచ్చి, “పది నిమిషాలకు తగ్గియ్యండి సార్, బాపు తడబడ్డ జాగలు తీసెయ్యండి” అన్నాడు. పోతనగారి గజేంద్రమోక్షం. ఒక పద్యం మూడవ పాదంలో ఆయన ఆగిపోయారు. 11 సెకన్ల మౌనం. అంతలో వంటింటి నుండి, గరిటె చప్పుడుతో సహా, వదినగారు ఆ మాట అందించారు. ఆయన నవ్వి పద్యాన్ని మొదటినుండి ఎత్తుకొని నిర్దుష్టంగా ముగించారు.

నిర్దుష్టమైనది ఉండగా తడబడినది దేనికి? పరీక్షార్థం తీసి చూశాను. పద్యం ధారాళంగా సాగింది గాని, ఆ ఇల్లు అందులో లేదు.

ఆదుర్తి సుబ్బారావుగారు ఎడిటరుగా పనిచేసిన కాలంలో ఫిల్మును నిజంగానే కోసి అతికించేవారు. ఈ సాఫ్ట్‌వేరులలో మూలఫైలుకు గీత కూడా పడదు. ఎక్కడినుండి ఎక్కడివరకు చూపవలెనన్న ఆదేశాలు మాత్రమే ప్రాజెక్టు ఫైలులో ఉంటాయి. పాణిని లోపాన్ని ‘అదర్శనం’ అన్నాడు. నశించుట కాదు, కనబడకుండుట. నా కంప్యూటరులో ఆ 11 సెకన్లకు కలిగినది అదర్శనమే. కాని ఎక్స్‌పోర్ట్ చేసి ఇచ్చిన ఫైలులో అవి బొత్తిగా ఉండవు. ఫోనులో జాగా చాలలేదని మూలాన్ని చెరిపివేయడమూ నేడు పరిపాటి.

కంట్రోల్ జెడ్ నొక్కి ఆ భాగాన్ని తిరిగి నిలిపాను. కుర్చీ సర్దుకోవడాలు, ఫోను వణకడాలు వంటివి తగ్గించాను. మొత్తం పన్నెండు నిమిషాలు తేలింది. మూలాన్ని వేరుగా పెన్‌డ్రైవులో వేసి ఇచ్చి, ఫోనులోది చెరపవద్దని రెండుమార్లు చెప్పాను.

వదినగారు ఇంకా చూడలేదు.