పడవ దించనియ్యని చెరువు కట్ట మీద



మొన్న హాస్టల్ల మీటింగ్ అయినంక ఒక తమ్ముడు అడిగిండు: "అన్నా, జనగామల నీళ్లేడున్నయి, పడవల రిపేరు నేర్పుడేంది?" నవ్వొచ్చింది. నేను గూడ కరువు చూసి పెరిగినోన్నే.

కని దేవాదుల నీళ్లొచ్చినంక గండిరామారం, బొమ్మకూరు రిజర్వాయర్లు నిండుతున్నయి. మహబూబాబాద్ దిక్కు బయ్యారం పెద్దచెరువు, భూపాలపల్లి దిక్కు కాళేశ్వరం కాడ గోదావరి. తెప్పలు, పుట్లు, ఫైబర్ పడవలు తిరుగుతున్నయి. పగిలితే అతుకేసెటోడు దగ్గర్ల లేడు. అందుకే షెడ్డు కిరాయికి తీసుకొని నలుగురు మాదిగ పిల్లలతోటి మొదలువెట్టిన.

ఇది మనకు కొత్త పని గాదు. మా నాయిన మోట బొక్కెనలు కుట్టేటోడు. కరెంటు మోటార్లొచ్చి ఆ పని పోయింది. ఒకప్పుడు పుట్టికి మేదరోళ్లు వెదురు అల్లితే, పైన కప్పింది పశువు తోలే. నీళ్లు లోపటికి రాకుంట ఆపిన తోలు మనం ఊనింది. ఆ నీళ్లు ముట్టుకోవద్దన్నది గూడ మనలనే. బాబాసాహెబ్ 1927 మార్చి 20న మహద్ చెరువు నీళ్లు తాగి చూపించిండు. మా ఊర్ల చేపల సొసైటీల ఇయ్యాల్టికీ మాదిగోని పేరు ఒక్కటి లేదు. ముదిరాజ్ అన్నల కడుపు కొట్టాలని గాదు, వాళ్ల అప్పులు నాకెరుకే. అడుగుడు మాత్రం ఆపలే.

పిల్లలకు ముందు ఫైబర్ నేర్పిన. పగులు మీద రెజిన్ పూసి వదిలేస్తే నెల నిలువది. పగులు చుట్టూ వెడల్పుగ గీకాలె, పూరాగ ఆరనియ్యాలె, ఇసుమంత తడున్నా మ్యాట్ పట్టది. మే నెల ఎండల హార్డ్‌నర్ తక్కువ కలపాలె, లేకుంటే డబ్బాలనే రాయైతది. మాకు రెండు డబ్బాలు అట్లనే పోయినయి. ఆ పైసలు నా జేబులకెల్లి.

డిగ్రీ లేంది ఎవడు నమ్ముతడని పిల్లలు అడుగుతరు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు కాడ మునిగిన బోటు యాదికి చేస్త. మన కడిపికొండ నుంచి 14 మంది పోయిండ్రు, అందరు తిరిగి రాలే. నేవీ వచ్చింది, ఎన్డీఆర్ఎఫ్ వచ్చింది. అక్టోబర్ 22న ఆ బోటును ఒడ్డుకు గుంజింది కాకినాడ ధర్మాడి సత్యం బృందం. లంగర్లు, ఇనుప రోపులు, నీళ్ల మీద బతికిన అనుభవం, గంతే.

కష్టం గూడ చెప్పాలె. నీళ్లుంటేనే మా పని. 2023 అక్టోబర్‌ల మేడిగడ్డ పిల్లర్లు కుంగినయి, బ్యారేజీల నీళ్లు ఇడిసిండ్రు. ఆ దిక్కు పని మీద మేం వెట్టుకున్న ఆశ గూడ నీళ్లతోటే పోయింది. పిల్లల కాడ ఫీజు తీసుకోను, రిపేరు పైసలతోటే షెడ్డు నడవాలె. ఇప్పటిదాంక కిరాయి మాత్రం ఎల్లుతాంది.

మొదటి పెద్ద పని ఒక సొసైటీది. పెద్దమనిషి కట్ట మీదికే పడవ తెచ్చిండు. "మంచిగ చెయ్యుండ్రి. చెరువుల మాత్రం దించకుండ్రి, మేం దించుకుంటం" అన్నడు. గట్టిగ అనలే, మర్యాదగనే అన్నడు. పిల్లలు నా మొకం చూసిండ్రు. దించకుంట అతుకు నిలిచిందో లేదో ఎట్ల తెలుస్తది?

ఇంటికొచ్చి నాయినకు చెప్పిన. నవ్విండు. "మోటను బాయిల ఏసి చూస్తమార? నింపి ఏలాడదీస్తం. కారితే బయటికే కారుతది."

తెల్లారి పడవను రెండు దుంగల మీద ఎత్తినం. బోరింగు కాడికెల్లి బిందెలతోటి నీళ్లు మోసి సగం నింపినం. అడుగున పొడిబట్టతోటి తుడిచి గంట సేపు కూసున్నం. ఒక్క కాడ చుక్క జారింది. అక్కడ సుద్దముక్కతోటి గీత గీసి, నీళ్లు పారబోసి, ఆరనిచ్చి మళ్ల అతికినం. రెండోసారి నింపితే చుక్క రాలే. ఆయన పైసలు లెక్కవెట్టి ఇచ్చి పడవ తీస్కపోయిండు.

అతుకు నేర్చిండ్రు. ఇగ మిగిలింది ఇంజిను పాఠం. పంపుల ఇంపెల్లర్ రబ్బరు ఇసుకకు అరిగిందా, నీటిదార సరిగ వస్తాందా అన్నది నీళ్లల నడిపి చూస్తేనే చేతికొస్తది. డ్రమ్ముల నీళ్లు వోసి ఎన్ని దినాలని నేర్పాలె? ఈ సోమవారం నలుగురి పేర్లతోటి చెరువుల పడవ దించనియ్యుమని దరఖాస్తు ఇయ్యవోతున్నం. పిల్లలు వస్తమన్నరు. నాయిన గూడ వస్తనంటాండు.