చూసేవాళ్ళు లేని రాత్రి

సింహాచలం కొండ చుట్టూ గిరిప్రదక్షిణ దారి 32 కిలోమీటర్లు. అందుకే తెలిసినవాళ్ళెవరూ మొదట్లో జోరు చూపించరు. కొండ కింద తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి అడివివరం వైపు మళ్ళగానే, ఎవరు పాతకాపులో ఎవరు ఉత్సాహం కొద్దీ వచ్చారో నడకే చెప్పేస్తుంది. పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్ళు కుచ్చెళ్ళు కాస్త పైకి దోపుకుని, చేతిలో ఓ గుడ్డసంచీతో, ఉత్తకాళ్ళతో ఒకే తీరున పోతుంటారు. కాలేజీ కుర్రాళ్ళు పరుగులాంటి నడకతో వాళ్ళని దాటేస్తారు. హనుమంతవాక వచ్చేసరికి ఆ కుర్రాళ్ళే రోడ్డు వార కూలబడి అరికాళ్ళు చూసుకుంటూ కనిపిస్తారు.

2025 జులై 9, ఆషాఢ పౌర్ణమికి ముందురోజు. నేను మొక్కు తీర్చుకోవడానికి వెళ్ళలేదు. అంతకు మూడు వారాలైనా కాకముందే, జూన్ 21న, ఇదే విశాఖలో యోగా దినోత్సవం జరిగింది. ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా సముద్రం వెంబడి జనాన్ని కంపార్ట్‌మెంట్లుగా కూర్చోబెట్టారు. మూడు లక్షల మందికి పైగా ఒకేసారి ఆసనాలు వేశారని గిన్నిస్ రికార్డు ఇచ్చారు. అంతకుముందు రికార్డు సూరత్‌ది, 2023లో లక్షన్నర లోపు. పిలిచి, బస్సెక్కించి, లెక్కపెట్టిన జనానికీ, ఎవరూ పిలవకుండా ఏటేటా రోడ్డెక్కే జనానికీ తేడా ఏమిటో కాళ్ళతోనే తేల్చుకుందామనిపించింది.

ముడసర్లోవ దగ్గర నాకు ఇద్దరు తోడు దొరికారు. ఒకావిడది గజపతినగరం పక్కన పల్లె, డెబ్భై దాటి ఉంటుంది. రెండో మనిషి స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు పని చేస్తాడు. ఇద్దరి పేర్లలోనూ సింహాచలం దేవుడు అప్పన్న ఉన్నాడు. అందులో వింతేమీ లేదు, ఈ దారిలో "అప్పలరాజూ" అని ఒక్క కేక వేస్తే పదిమంది వెనక్కి తిరుగుతారు.

"ఏటి బాబూ, సెప్పులిప్పీసేవు గానీ సాక్సులొదల్లేదేటి?" అందావిడ నా కాళ్ళ వైపు చూసి.

"పట్నం కాళ్ళు గదా మామ్మా, కందిపోతాయి" అన్నాడతను నా తరఫున. సాక్సులు తీసి జేబులో పెట్టుకున్నాను. తారు ఇంకా మధ్యాహ్నపు వేడి వదల్లేదు.

చినగదిలిలో ఓ ఇంటివాళ్ళు గేటు ముందు బల్ల వేసి, పెద్ద డేగిసాలో పులిహోర కలిపి దొన్నెల్లో పెడుతున్నారు. పదేళ్ళ పిల్ల మజ్జిగ గ్లాసు పట్టుకుని దారికి అడ్డంగా నిలబడింది. ఇప్పుడే తాగానన్నా వినదు. పక్కన ఇద్దరు కుర్రాళ్ళు నొప్పి స్ప్రే డబ్బాలు పట్టుకుని, ఆగినవాళ్ళ పిక్కలకి కొడుతున్నారు. మామ్మ అరుగు మీద కూర్చుని కాలు చాపింది. కుర్రాడు రోడ్డు మీద మోకాళ్ళేసి, ఆవిడ మడమ తన తొడ మీద పెట్టుకుని, పగుళ్ళలో ఇరుక్కున్న చిన్న గులకరాయిని గోటితో తీసి, అప్పుడు స్ప్రే కొట్టాడు. "సల్లగుంది నాయినా" అందావిడ. వాడు ఆవిడ పాదాలకే దణ్ణం పెట్టి పక్కమనిషి దగ్గరికి జరిగాడు.

అది చూస్తే అమెరికా జాతర ఒకటి గుర్తొచ్చింది. 1986లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కొందరు స్నేహితులు సముద్రపు ఒడ్డున చెక్కబొమ్మ తగలబెట్టి మొదలెట్టిన బర్నింగ్ మ్యాన్ జాతర ఇప్పుడు నెవాడా ఎడారిలో జరుగుతుంది. అక్కడ ప్రేక్షకులంటూ ఎవరూ ఉండకూడదని, డబ్బుతో పని లేకుండా ఒకరికొకరు ఉత్తినే ఇచ్చుకోవాలని నియమాలు రాసుకున్నారు. లోపలికి వెళ్ళడానికి టిక్కెట్టు మాత్రం వందల డాలర్లు. చినగదిలి బల్ల దగ్గర అలాంటి నియమాలెవరూ రాసిపెట్టలేదు. పైగా, పులిహోర వద్దంటే కోప్పడతారు.

హనుమంతవాక నుంచి దారి సముద్రం వైపు దిగుతుంది. జోడుగుళ్ళపాలెం దగ్గర స్నానాలు. పోలీసుల మైకు ఆగకుండా హెచ్చరిస్తోంది, గజ ఈతగాళ్ళు తాడు పట్టుకుని నడుములోతులో నిలబడ్డారు. యోగా చేసిన జనం బారులు తీరి కూర్చున్నదీ ఈ బీచ్ రోడ్డు వెంటే. ఆ ఉదయం క్రమశిక్షణగా ఉండి ఉంటుంది. ఇప్పుడు మాత్రం తడిబట్టలు, పసుపు నీళ్ళు, తప్పిపోయిన పిల్లల పేర్లు, నిమ్మసోడా బండ్ల గోల. ఓ తాత అలకి వెనక్కి పడి, లేచి, సముద్రాన్ని చక్కటి బూతు తిట్టి, మళ్ళీ మునిగాడు.

ఇసుకతోట, వెంకోజీపాలెం అర్ధరాత్రి దాటాక వచ్చాయి. ఈ ఊరి అర్ధరాత్రికి వేరే చరిత్ర కూడా ఉంది. 1968 సెప్టెంబర్ 14న, ఇలాంటి వేళప్పుడే, దిగంబర కవులు తమ మూడో కవితా సంపుటిని విశాఖలో విడుదల చేశారు. వేదిక మీదికి పండితుణ్ణో మంత్రినో పిలవలేదు. ఎడునూరి యశోద అనే యాచకురాలి చేత ఆవిష్కరింపజేశారు. మొదటి సంపుటిని 1965లో హైదరాబాదులో రిక్షా కార్మికుడు నాంపల్లి పాండు, రెండోదాన్ని 1966లో విజయవాడలో హోటల్ క్లీనరు జంగాల చిట్టి ఆవిష్కరించారు. నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న. కన్నవాళ్ళు పెట్టిన పేర్లు కూడా వదిలేసుకున్న ఆ ఆరుగురంటే నాకు గౌరవమే. కానీ పుస్తకం ఆవిష్కరించాక యశోద ఏ దారిన వెళ్ళిందన్న ప్రశ్న మాత్రం నన్ను వదలదు. రెండేళ్ళకి, 1970లో, ఇక్కడే శ్రీశ్రీ షష్టిపూర్తి సభలు జరిగితే, విద్యార్థులు కరపత్రం పంచి రచయితలు ఎవరి పక్షమో తేల్చుకోమన్నారు. ఆ వేడిలోంచే జులై 4న హైదరాబాదులో విప్లవ రచయితల సంఘం (విరసం) పుట్టింది. సన్మానసభకి వచ్చి కూడా చప్పట్లతో సరిపెట్టుకోని ఊరిది.

ఇదంతా చెబితే స్టీలు ప్లాంటు మనిషి నవ్వాడు. "మా కాడ టెంటేస్తే రాత్రీ పగలూ అక్కడేనండి. తొంగున్నా లేసినా రోడ్డే." 2021 జనవరిలో కేంద్రం ప్లాంటును పూర్తిగా అమ్మేయాలని నిర్ణయించాక, ఫిబ్రవరి నుంచి కూర్మన్నపాలెం కూడలిలో రిలే నిరాహార దీక్షలు ఏళ్ళ తరబడి సాగాయి. ఇతనూ వంతు ప్రకారం కూర్చున్నాడట. వాళ్ళ నాన్న ప్లాంటుకి భూమి పోగొట్టుకుని పునరావాసం కింద ఇచ్చే ఆర్ కార్డు తీసుకున్న నిర్వాసితుడు. తాత 1966లో, ఈ ప్లాంటు కావాలని అమృతరావు దీక్షలో ఉన్నప్పుడు, ఊరేగింపులో నడిచాడని ఇంట్లో చెప్పుకుంటారు. ఆ నవంబర్ 1న విశాఖలో కాల్పులు జరిగాయి, ఉద్యమం మొత్తంలో 32 మంది ప్రాణాలు పోయాయి.

"మరి ఇదీ అదీ ఒకటేనా?" అన్నాను.

"ఒకటెలగవుతాది? ఆడ అడగడానికి కూకున్నాం. ఈడ అడిగింది ఇచ్చీసేడని నడుస్తన్నాం." కాసేపాగి, "అయినా నాను మొక్కుకున్నాది ప్లాంటు గురించేలెండి" అన్నాడు.

సీతమ్మధార, మాధవధార మగత నిద్రలో దాటాను. ఎన్ఏడీ దగ్గర తప్పెటగుళ్ళ దళం మేలుకొలిపింది. గుండెల మీద రేకు తప్పెట, కాళ్ళకి గజ్జెలు, మధ్యలో ఒకడి మీద ఒకడు ఎక్కి గోపురం కట్టడం. చుట్టూ వలయం కట్టినవాళ్ళు నిమిషంలో అడుగు కలిపేశారు. మామ్మ కూడా. అన్ని కిలోమీటర్లు నడిచిన మనిషికి ఆ ఓపిక ఎక్కడిదో!

తొలిపావంచాకి చేరేసరికి తెల్లవారింది. అతను బీ షిఫ్టుకి టైముందని మెట్లెక్కడానికి పోయాడు. పౌర్ణమి నాడు అప్పన్నకి ఏడాదిలో ఆఖరి విడత, మూడు మణుగుల చందనం పూస్తారు. మామ్మ క్యూలో చోటు పట్టుకుంది. ఎంతమంది నడిచారని నేను పక్కవాళ్ళని అడిగితే, వాళ్ళు నన్నే ఎగాదిగా చూశారు.

రోడ్డంతా కాగితం గ్లాసులు, దొన్నెలు, కొబ్బరి చిప్పలు. సేవ చేసేవాళ్ళకి గ్లాసు ఇవ్వడం తెలిసినంతగా బుట్ట పెట్టడం తెలియదు. పారిశుద్ధ్య కార్మికులు వరసగా ఊడ్చుకుంటూ వస్తున్నారు. అందరూ నడిచేవాళ్ళేనని రాత్రంతా మురిసిపోయాను. వీళ్ళ సంగతి అప్పటిదాకా తట్టనే లేదు. మీరెప్పుడు నడుస్తారమ్మా అని ఒకామెని అడిగాను. నడవలేనివాళ్ళు పౌర్ణమి నాడు కొండ మీద గుడి చుట్టూనే తిరుగుతారు.

"డూటీ అయినాక గుడి సుట్టూ తిరిగీడమేనండి. రాత్రి నుంచి తుడుసుకుంటా నడిసింది లెక్కకొస్తాదో రాదో అప్పన్ననే అడగాల" అని చీపురు నా వైపు జరిపింది. "కాస్త కాళ్ళు తియ్యండి సారూ."